నలభై దాటకు

జూన్ 3

అన్నయ్యకి,

ఇక్కడ అంతా బాగున్నాం. నువ్వూ వదినా కూడా బాగానే ఉన్నారని నాకు తెలుసు, ఎందుకంటే నీ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు. ఒంట్లో నలతగా ఉంటే నాలుగు పేజీలు రాస్తావు, బాగుంటే కార్డు ముక్కకి కూడా దిక్కుండదు.

నిజానికి ఇది ఫోన్ చేసి చెప్పే ముచ్చటే. కానీ ఫోన్లో నీకు సగం వినపడదు, మిగతా సగానికి వినకుండానే సమాధానం చెబుతావు. అందుకే రాస్తున్నాను. తాపీగా చదివి తాపీగా జవాబు రాయి.

నువ్విచ్చిన వ్యానులో ఒక లైటు వెలుగుతోంది. మీటరు బోర్డు మీద, కుడిపక్కన, ఎర్రగా. ఒక మనిషి కుర్చీలో కూర్చుని ఒళ్ళో గుమ్మడికాయ పెట్టుకున్నట్టు బొమ్మ. పుస్తకం తీసి చూస్తే అది ఎయిర్‌బ్యాగ్ లైటట. గుద్దుకున్నప్పుడు స్టీరింగ్‌లోంచి గాలి సంచీ ఉబ్బి మన మొహాన్ని కాపాడుతుంది కదా, దానికి ఏదైనా లోపం వస్తే చెప్పే లైటు. తొమ్మిదేళ్ళుగా బండి స్టార్ట్ చెయ్యగానే బుద్ధిగా ఆరిపోయేది. పోయిన సోమవారం నుంచి ఆరడం లేదు. ఒకసారి మిణుకుమంటుంది, ఒకసారి అత్తగారిలా కళ్ళార్పకుండా చూస్తుంది.

మామూలుగా అయితే నేనూ చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని. కానీ ఈ నెల 28న బండి తనిఖీ. ఇదివరకు టైర్లూ బ్రేకులూ చూసి సంతకం పెట్టేవాళ్ళు. ఈ ఏడాది నుంచి ఎయిర్‌బ్యాగ్ సరిగా లేకపోతే సర్టిఫికెట్ ఇవ్వరట. సర్టిఫికెట్ లేకపోతే డయాలసిస్ సెంటరు వాళ్ళు నా పని తీసేసి ఆ నీలం వ్యాన్ల కంపెనీకి ఇచ్చేస్తారు. నా బండెక్కే ఆరుగురూ వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేయించుకోవాల్సినవాళ్ళు. నీలం వ్యాన్ల వాళ్ళు వాకిట్లో హారన్ కొట్టి రెండు నిమిషాలు చూస్తారు, రాకపోతే పోతారు. మా టైలరమ్మకి మెట్లు దిగడానికే పదకొండు నిమిషాలు పడుతుంది. ఒక్కో మెట్టు మీదా ఆగి ఒక్కో కోడలి సంగతి చెబుతుంది. నేను లేకపోతే ఆవిడ కింది మెట్టుకి వచ్చేసరికి వీధిలో ఎవరూ ఉండరు.

ముప్పై ఏళ్ళు బండ్ల కరెంటు పని చేసినవాడివి. ఇంట్లో కూర్చునే వైద్యం చెప్పు.

వదినని అడిగానని చెప్పు. ఆవిడ నన్ను అడిగిందని నువ్వు అబద్ధం రాయక్కర్లేదు.

నీ చెల్లెలు


జూన్ 8

చెల్లాయికి దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. మీ వదిన నిన్ను అడిగినట్టు రాయమంది.

ముందు కంగారు పడకు. కంగారులో కొంపలు మునుగుతాయి. లైటన్నది వెలగడానికే పుట్టింది, వెలిగింది. ఇలాంటివి నా సర్వీసులో వందలు చూశాను. పాత బండికి లైట్లూ ముసలివాడికి నొప్పులూ ఒకటి పోతే ఒకటి వస్తాయి. బజార్లో నవ్వే పాప బొమ్మ స్టిక్కర్లు దొరుకుతాయి, ఒకటి తెచ్చి దాని మీద అంటించు. మనసు కాస్త తేలికపడుతుంది.

ఆ ఎర్ర లైటుతో పాటు పక్కనే బ్యాటరీ బొమ్మ లైటు కూడా వెలుగుతోందా? మసకగా అయినా సరే, చూసి రాయి.

స్కానర్ పెట్టి చూస్తామని మెకానిక్కులు వెంటపడతారు. దగ్గరికి రానివ్వకు. ఈ కాలం కుర్రాళ్ళకి చేతిలో పని లేదు, తెర మీద అంకెలు చూసి బండికి లేని రోగాలు అంటగడతారు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట. స్టీరింగ్ మధ్యలో నేను బిగించిన పువ్వుల రెక్సిన్ తొడుగు ఉంది కదా. దాన్ని ఎవరినీ విప్పనివ్వకు. ఎండకి పాడవకుండా వేసింది. దాని కింద ఏముందో చూడాల్సిన అవసరం ఎవరికీ లేదు.

నా ఎడమ చెవి ఇప్పుడు పూర్తిగా సెలవు పెట్టింది. ముప్పై ఏళ్ళు హారన్ల మధ్య బతికినవాడికి ఇది మామూలే.

నలభై దాటకు.

అన్నయ్య


జూన్ 12

అన్నయ్యకి,

స్టిక్కరు అంటించాను. పాప నవ్వుతూనే ఉంది కానీ బుగ్గల వెనక ఎర్రగా వెలుగుతోంది. మా లెక్కల మాష్టారు చూసి, "అమ్మాయ్, ఆ పిల్లకి జ్వరం తగిలినట్టుంది, తీసెయ్యి" అన్నారు. పీకేశాను.

మాష్టారంటే నా ఆరుగురిలో పెద్దాయన. రిటైరై ఇరవై ఏళ్ళయినా లెక్కపెట్టడం మానలేదు. ముందు సీటు ఆయనది. దారిలో ఎన్ని గుంటలున్నాయో, వాటిలో నేను ఎన్నిటిని తప్పించానో డైరీలో రాస్తారు. నువ్వడిగావని ఆయనకి ఈ లైట్ల పని అప్పజెప్పాను. ఆయన రిపోర్టు ఇది: "ఎర్ర లైటూ బ్యాటరీ లైటూ ఒకే క్షణంలో వెలిగి ఒకే క్షణంలో ఆరుతున్నాయి. పద్నాలుగు సార్లు చూశాను. కవలపిల్లలు కూడా ఇంత కచ్చితంగా ఏడవరు."

అవును, బ్యాటరీ లైటు కూడా మసకగా వెలుగుతోంది. నేను రాయనే లేదు కదా, అక్కడ కూర్చుని నీకెలా తెలిసింది?

వీధి చివరి మెకానిక్ స్కానర్ పట్టుకుని వచ్చాడు. మా అన్నయ్య వద్దన్నాడని వెనక్కి పంపేశాను. "మీ అన్నగారు డాక్టరు దగ్గరికెళ్ళి చొక్కా గుండీ విప్పని రకంలా ఉన్నారే" అని గొణుక్కుంటూ పోయాడు.

ఇంకో సంగతి. నలభై దాటకు, నలభై దాటకు. తొమ్మిదేళ్ళలో నువ్వు రాసిన ప్రతి ఉత్తరం కిందా ఇదే. మా ఆయన పోయినప్పుడు రాసిన ఉత్తరం కింద కూడా ఇదే. నాకు యాభై రెండేళ్ళు. ఈ బండి మీద ఇంతవరకు ఒక్క గీత పడలేదు. నువ్వు మాత్రం నన్నింకా సైకిలు నేర్చుకుంటూ గోడని గుద్దిన పిల్లలాగే చూస్తావు. ఎంత ఒళ్ళు మండుతుందో తెలుసా? నిజం చెప్పనా, నీ ఉత్తరం వచ్చిన రోజున కావాలనే అరవైలో పోతాను.

వదిన నన్ను అడిగినట్టు రాయమందా? వదిన నన్ను ఆఖరిసారి అడిగింది తొమ్మిదేళ్ళ కిందట. "నా శాలువా ఏదమ్మా?" అని అడిగింది. బండి తీసుకోవడానికి మీ ఇంటికొచ్చి, వాళ్ళమ్మ అల్లిన ఆ మెరూన్ శాలువాని చూసి బాగుందన్నాను, అంతే నేను చేసిన పాపం. మర్నాడు అది మాయం, నేనూ బండితో మాయం. ఇంకేం, దొంగ దొరికిపోయింది!

నీ చెల్లెలు


జూన్ 16

చెల్లాయికి దీవెనలు.

నాకెలా తెలిసిందంటే, అనుభవం. అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

డైనమోలో బ్రష్షులు అరిగిపోయి ఉంటాయి. బ్యాటరీకి ఛార్జి సరిగా అందడం లేదు. బ్రష్షులు మార్పించు, ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరిపోతుంది. దానికీ దీనికీ ఏమిటి సంబంధమని మెకానిక్ అడిగితే పెద్దవాళ్ళు చెప్పారని చెప్పు. ఎక్కువ మాట్లాడనివ్వకు.

ఆ మాష్టారిని వెనక సీటుకి మార్చు. ఆ వయసులో ముందు సీటు ఒంటికి మంచిది కాదు. డైరీలు రాయడం కూడా కళ్ళకి చేటు.

పాత శాలువాల సంగతి ఇప్పుడెందుకు? మీ వదిన నిన్ను అడిగినట్టు రాయమంది.

అరవైలో పోతానన్న మాట చదివిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. నీకు దణ్ణం పెడతాను, నలభై దాటకు.

అన్నయ్య


జూన్ 20

అన్నయ్యా,

నువ్వు మనిషివి కాదు!

మెకానిక్‌కి నీ మాట చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. "బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం విన్నాను గానీ, డైనమోకీ ఎయిర్‌బ్యాగ్‌కీ ముడిపెట్టినవాణ్ణి ఇదే చూడటం" అన్నాడు. పెద్దవాళ్ళు చెప్పారు, నోరు మూసుకుని మార్చమన్నాను. మార్చాడు. పాత బ్రష్షులు చూస్తే గోరంత మిగిలాయి. తాళం తిప్పి స్టార్ట్ చేశాను. రెండు లైట్లూ టక్కున ఆరిపోయాయి. మెకానిక్ టోపీ తీసి చేతిలో పట్టుకుని, "ఆయనకి నా నమస్కారాలు రాయండి. ఒకసారి వచ్చి ఆయన దగ్గర నాలుగు రోజులు పని నేర్చుకుంటాను" అన్నాడు. మాష్టారొక్కరే ముఖం చిట్లించి, "సమాధానం సరిపోయింది, లెక్క సరిపోలేదు" అన్నారు. ఆయన్ని వెనక సీటుకి మార్చలేదు. అడిగితే ఆయన వెంటనే బండి దిగి నడుచుకుంటూ పోతారు.

ఇంకో మంచి వార్త. డయాలసిస్ సెంటరు ఆగస్టు ఒకటి నుంచి కొత్త భవనానికి మారుతోంది. ఊరి బయట, పెద్ద హైవే మీద ఇరవై కిలోమీటర్లు పోవాలి. మేనేజరు పిలిచి, "అమ్మా, మీ బండి పాతది, హైవే మీద మనుషుల్ని తీసుకెళ్ళడానికి భద్రమేనా?" అని అడిగాడు. నాకు రోషం వచ్చింది. "మా అన్నయ్య చేతిమీదుగా వచ్చిన బండి. ఎయిర్‌బ్యాగ్ తయారైన రోజు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది" అని చెప్పి అక్కడికక్కడే సంతకం పెట్టేశాను. 28న తనిఖీ అయిపోతే ఇక నా పనికి ఢోకా లేదు.

హైవే మీద నలభై కుదరదు, ముందే చెబుతున్నాను. ఎనభైకి తక్కువ పోతే వెనక లారీలు ఊరుకోవు. నీ ధైర్యంతోనే ఒప్పుకున్నాను.

నీ చెల్లెలు


జూన్ 24

చెల్లాయీ,

హైవే ఎక్కకు. ఈ ఉత్తరం చదివాక కూడా ఎక్కకు. నీ స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ లేదు.

మీ వదిన నిన్ను అడగలేదు. ఇవాళ అన్నీ నిజాలే రాస్తున్నాను.

నా చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే టెస్ట్ లాంప్ నీకు గుర్తుంది కదా. చిన్న బల్బు, దానికి రెండు వైర్లు. ఏ తీగలో కరెంటుందో లేదో దానితోనే చూసేవాణ్ణి. బల్బు వెలిగితేనే నిజం, మిగతాదంతా నోటిమాట అని నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకి చెప్పేవాణ్ణి. నువ్వు వ్యాను తీసుకోవడానికి మా ఇంటికొచ్చిన రోజు, మధ్యాహ్నం నువ్వూ మీ వదినా బజారుకి వెళ్ళినప్పుడు, బండిలో ప్రతి తీగా ఒక్కొక్కటే పట్టి చూశాను. హారన్, బ్రేకు లైటు, వైపరు, అన్నీ బాగున్నాయి. ఎయిర్‌బ్యాగ్ ఒక్కటే మిగిలింది. చెల్లెలు నడపబోయే బండి, చూడకుండా ఎలా ఇస్తాను? స్టీరింగ్‌లో పసుపుపచ్చ ప్లగ్గు ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దని కంపెనీవాళ్ళు పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాశారు. రాసినవాళ్ళకేం తెలుసు అనుకున్నాను. పనిచేస్తుందో లేదో చూద్దామని టెస్ట్ లాంప్ పెట్టాను.

పనిచేసింది.

దాని జన్మకి అదే మొదటి పని, అదే ఆఖరి పని. బల్బు గుండా పోయిన ఆ కాస్త కరెంటుకే పేలింది. కళ్ళజోడు పక్కింటి గోడ మీద దొరికింది. మెట్ల మీద పడ్డానని మీ అందరికీ చెప్పాను. ఎడమ చెవి ఆ రోజే పోయింది. హారన్లూ కాదు, ముప్పై ఏళ్ళూ కాదు, అరక్షణం పని. మనం ఫోన్లో మాట్లాడుకోలేక ఉత్తరాలు రాసుకోవడం కూడా దాని చలవే.

తెల్లారితే నువ్వు బండి తీసుకుని వెళ్ళాలి. సోమవారం నుంచి నీ కొత్త పని. అప్పట్లో కొత్త ఎయిర్‌బ్యాగ్ తెప్పించాలంటే రెండు నెలలు. అంతకన్నా పెద్ద కారణం, సిగ్గు. ముప్పై ఏళ్ళు ఒక్క ఫ్యూజు కూడా కాల్చనివాణ్ణని చెప్పుకు తిరిగినవాణ్ణి. పేలిన సంచీ కోసేశాను. చిరిగిన మూత జిగురుతో అతికించి పైన రెక్సిన్ తొడిగాను. లైటు ఆరకుండా ఉంటే అనుమానం వస్తుందని దాని వైరు తెంపి బ్యాటరీ లైటు వైరుకి కలిపాను, ఇంజను స్టార్ట్ కాగానే రెండూ కలిసి ఆరిపోయేలా. అందుకే డైనమో బ్రష్షులు అరిగితే అదీ వెలిగింది. ఆ మాష్టారు పట్టేశాడు.

వచ్చే నెల కొత్తది తెప్పిస్తానని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ వచ్చే నెల తొమ్మిదేళ్ళుగా వస్తూనే ఉంది.

ఇంకొకటి. సంచీ తీసేశాక స్టీరింగ్ మీద తడితే డొల్లగా మోగింది. చేతికందిన మెత్తటి గుడ్డ ఏదో కుక్కి అతికించేశాను. తర్వాత చూసుకుంటే అది మీ వదిన శాలువా. తీస్తే చేసిందంతా ఊడిపోతుంది. నీ మీద నింద పడుతుంటే వింటూ కూర్చున్నాను. ఒక చెవి పోయిందని అందరికీ చెప్పుకున్నాను గానీ రెండో చెవికి అంతా వినపడింది.

నలభై దాటకు అని రాసింది నీ డ్రైవింగ్ మీద నమ్మకం లేక కాదమ్మా. నా పని మీద నమ్మకం లేక. తొమ్మిదేళ్ళుగా నువ్వు బండి తీసే వేళకి నేను గడియారం చూస్తాను, మళ్ళీ నువ్వు ఇల్లు చేరే వేళకి చూస్తాను. చాలా భయపడ్డాను.

కొత్తది కంపెనీకి ఆర్డరు పెట్టాను, అది నేరుగా మీ మెకానిక్‌కి వస్తుంది. బిగించే ముందు బ్యాటరీ తీగ తీసి పావుగంట ఆగమను. పసుపు ప్లగ్గు దగ్గరికి టెస్ట్ లాంప్ తేవద్దను. ఈ విషయంలో నాకన్నా అనుభవం ఉన్నవాడు లేడు.

నన్ను ఎంతైనా తిట్టు. మీ వదినకి మాత్రం చెప్పకు.

అన్నయ్య


జూన్ 28

అన్నయ్యకి,

బండి తనిఖీలో తప్పింది. ఒళ్ళంతా మండిపోతోంది, అందుకే ఇంటికి రాగానే రాస్తున్నాను.

తనిఖీ చేసినావిడ కళ్ళజోడు గొలుసుకి వేలాడేసుకుని వచ్చింది. "తాళం తిప్పండి, స్టార్ట్ చెయ్యకండి" అంది. తిప్పాను. రెండు లైట్లూ వెలిగాయి. ఆవిడ వేళ్ళ మీద ఏడు దాకా లెక్కపెట్టింది. సాయంగా వచ్చిన మాష్టారు కూడా పక్కన నిలబడి లెక్కపెట్టారు. ఎర్ర లైటు అలాగే ఉంది. ఆవిడ చెప్పింది, "అమ్మా, ఎయిర్‌బ్యాగ్ లైటు ఇంజను కోసం ఎదురుచూడదు. తనని తాను ఒకసారి చూసుకుని, అంతా బాగుంటే కొన్ని సెకన్లలో తనే ఆరిపోతుంది. మీది బ్యాటరీ లైటు కొంగు పట్టుకుని తిరుగుతోంది. ఎవరో వైరు కలిపారు." మాష్టారు చప్పట్లు కొట్టారు. ఎవరి పక్షమో అర్థం కాలేదు.

తర్వాత స్కానర్ పెట్టింది. డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ దొరకడం లేదని వచ్చింది. బండిలో కంప్యూటర్ పెట్టె తొమ్మిదేళ్ళుగా అదే మొరపెట్టుకుంటోందట, వినే నాథుడు లేడు. జూలై 18 దాకా గడువిచ్చింది. అప్పటికీ కాకపోతే నీలం వ్యాన్లే.

తిన్నగా మెకానిక్ దగ్గరికి పోయి రెక్సిన్ విప్పించాను. నువ్వు వద్దన్నావని తెలుసు, అయినా విప్పించాను. మూత ఊడింది. లోపల్నుంచి మెరూన్ రంగు కొస ఒకటి కనపడింది. మెకానిక్ పట్టుకుని లాగాడు. వస్తూనే ఉంది, వస్తూనే ఉంది. చివరికి ఆవాల రంగు అంచు బయటపడింది. వదిన శాలువా!

అన్నయ్యా, నువ్వు అమాయకుడివి, నీకు అర్థం కాదు. నేను కూర్చుని ఆలోచించాను. మీ వర్క్‌షాపులో ఎవడో ఎయిర్‌బ్యాగ్ కొట్టేసి లైటు వైరు కలిపాడు. అది వాడి పాపం. కానీ శాలువా అక్కడికి ఎలా నడిచి వస్తుంది? వదినే పెట్టి ఉండాలి. నా బండిలో దాచి, నన్ను దొంగని చేసి, తొమ్మిదేళ్ళు మూతి ముడుచుకు కూర్చుంది. నా మొహం పగలకుండా కాపాడాల్సిన చోట శాలువా కుక్కే మనిషి ఎలాంటి మనిషి? నేను ఏడవలేదు గానీ ఏడుపు ఆపుకోవడం కష్టమైంది.

ఈ ఉత్తరం వదినకి చదివి వినిపించు. గట్టిగా చదువు.

నీ చెల్లెలు


జూన్ 30

అన్నయ్యా,

నీ ఉత్తరం నిన్న అందింది. మొన్న నేను పోస్టు చేసింది చదవకు. చదివితే మర్చిపో. వదినకి మాత్రం చచ్చినా వినిపించకు.

నీ మీద కోపం గురించి రాద్దామని కూర్చున్నాను. ఎయిర్‌బ్యాగ్ పేలింది, సరే, ఎవరికైనా పొరపాటు జరుగుతుంది. కానీ ఆ స్టీరింగ్ ముందు కూర్చుని తొమ్మిదేళ్ళు ఆరుగురిని తిప్పాను. వాన కురిసిన రోజుల్లో కూడా తిప్పాను. నువ్వు ఒక్క ముక్క రాసి ఉంటే చాలు కదా. రెండు మాటలు రాశావు, అవీ ఎందుకో చెప్పకుండా.

కొత్తది వచ్చేదాకా ఇరవై దాటను. ఇది నీ కోసం కాదు, టైలరమ్మ కోసం.

నీ చెల్లెలు


జూలై 4

అమ్మాయికి,

నేను, మీ వదినని. నీకు ఉత్తరం రాసి తొమ్మిదేళ్ళయింది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మీ అన్నయ్య నాలుగు రోజులుగా గేటు దగ్గర పోస్ట్‌మాన్ కోసం కాపలా కాస్తున్నారు. ఇవాళ స్నానానికి వెళ్ళిన పది నిమిషాల్లో అతను వచ్చాడు. ఆదివారం అడ్డొచ్చి నీ ఉత్తరాలు రెండూ కలిసి వచ్చాయి. మొదటిది చదివి నీ మీద నిప్పులు కురిపిద్దామని కాగితం తీశాను. రెండోది చదివి కాగితం పక్కన పెట్టి, స్నానాల గది తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. "ఎయిర్‌బ్యాగ్ ఎలా పేలిందండీ?" అని అడిగాను. లోపల నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. గంటన్నర బయటికి రాలేదు. ఆ తలుపు వెనక నుంచే మొత్తం చెప్పారు.

నిన్ను నోటితో దొంగ అనలేదు గానీ చూపుతో అన్నాను. ప్రతి ఉత్తరంలో ఆయన అబద్ధం రాస్తుంటే ఊరుకున్నాను. తప్పయింది అమ్మాయ్. ఆడపడుచుని అనుమానించడం తేలిక, మొగుణ్ణి అనుమానించాలంటే బోలెడు పని. నేను తేలిక పని చేశాను.

నువ్వు అడిగావు చూడు, అక్కడ శాలువా కుక్కే మనిషి ఎలాంటి మనిషని. మా అమ్మ ఆ శాలువా ఏడాది పాటు అల్లింది. అది పోయిందని ఎన్నిసార్లు బాధపడ్డానో. ఇవాళ తెలిసింది, పోలేదు, తొమ్మిదేళ్ళు నీ గుండెకి ఎదురుగా ఉంది. ఇక ఆ బాధ లేదు. దాన్ని నువ్వే ఉంచుకో.

ఆయన టెస్ట్ లాంప్ నా బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మెడలో ఉంది.

వదిన

(కింద కొంచెం చోటుంటే రాస్తున్నాను. బయటికి వచ్చాను. జలుబు చేసింది. అన్నయ్య)


జూలై 13

చెల్లాయికి దీవెనలు.

కొత్త ఎయిర్‌బ్యాగ్ మీ మెకానిక్‌కి అందిందని కంపెనీవాళ్ళు చెప్పారు. నా దగ్గర పని నేర్చుకుంటానన్నాడే, ఇక నేర్చుకోవద్దని చెప్పు.

నువ్వు అడిగింది నిజమే. ఒక్క ముక్క రాసి ఉండాల్సింది. ఎన్నిసార్లు మొదలుపెట్టానో, కలం ఆ రెండు మాటల దగ్గరికే వచ్చి ఆగిపోయేది. క్షమించమని అడగడానికి పెద్దవాణ్ణన్న అహం అడ్డొచ్చింది. ఇప్పుడు అడుగుతున్నాను.

మీ వదిన నిన్ను అడిగినట్టు రాయమంది. పక్కనే నిలబడి రాశానో లేదో చూస్తోంది.

బిగించాక హైవే మీద ఎనభై దాకా పోవచ్చు. ఇక నేనేమీ అనను.

అన్నయ్య


ఆగస్టు 2

అన్నయ్యకీ వదినకీ,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను, విడివిడిగా రాస్తే మళ్ళీ ఏం ముంచుకొస్తుందో.

బిగించిన రోజు పెళ్ళిలా జరిగింది. మెకానిక్ బ్యాటరీ తీగ తీసి, నీ ఉత్తరం ఎదురుగా పెట్టుకుని, స్టూలు మీద కూర్చున్నాడు. మాష్టారు గడియారం పట్టుకుని పదిహేను నిమిషాలు చూశారు. పద్నాలుగో నిమిషంలో మెకానిక్ లేవబోతే, "కూర్చో!" అని అరిచారు. అతను అలవాటు కొద్దీ జేబులోంచి టెస్ట్ లాంప్ తీశాడు, తీసి మా మొహాలు చూసి, తనే పట్టుకెళ్ళి వీధి అవతల గట్టు మీద పెట్టి వచ్చాడు. పసుపు ప్లగ్గు టిక్కుమని కూర్చుంది. మీటరు బోర్డు వెనక నువ్వు కలిపిన వైరు విడదీసి దాని చోట దాన్ని పెట్టాడు. "ముడి మాత్రం ఎంత బాగా వేశారండీ" అని కాసేపు చూసుకున్నాడు. స్కానర్‌తో పాత మొరలన్నీ తుడిపేశాడు.

తాళం తిప్పాను, స్టార్ట్ చెయ్యలేదు. రెండూ వెలిగాయి. అందరం లెక్కపెట్టాం. ఆరు దగ్గర టైలరమ్మ కళ్ళు మూసుకుంది. ఏడు. ఎర్ర లైటు ఒక్కటే ఆరిపోయింది, బ్యాటరీ లైటు ఒంటరిగా మిగిలిపోయింది. మాష్టారు డైరీలో, "లెక్క సరిపోయింది" అని రాసి కింద గీత గీశారు. 17న ఆ కళ్ళజోడావిడ సంతకం పెట్టేసింది. నీలం వ్యాన్ల వాళ్ళు ఇంకో వీధి చూసుకున్నారు.

వదినా, శాలువా అంచున జిగురు మరకలున్నాయి. టైలరమ్మ ఆ మేర కత్తిరించి కొత్త అంచు కుట్టింది. నీకు పార్శిల్ చేశాను. నాకు ఉంచుకోవాలనే ఉంది, కానీ నువ్వు దాన్ని కప్పుకుని ఒకసారి నా ఎదుట కూర్చోవాలి, అప్పుడు నేను బాగుందనాలి. ఈసారి ఏం పోతుందో చూద్దాం.

అన్నయ్యా, నిన్న మొదటిసారి హైవే ఎక్కాం. ఆరుగురూ ఉన్నారు. దారి అద్దంలా ఉంది, ఒక్క గుంట లేదని మాష్టారు బెంగపడ్డారు. నా ఎదురుగా కొత్త ఎయిర్‌బ్యాగ్ ఉంది. వెనక లారీలవాళ్ళు నీ ఎడమ చెవికి కూడా వినపడేంత గట్టిగా హారన్లు కొట్టారు. ఒకడైతే పక్కకి వచ్చి కిటికీలోంచి దణ్ణం పెట్టాడు. తొమ్మిదేళ్ళు నువ్వు వద్దన్నావని అరవైలో పోయినదాన్ని. ఇప్పుడు నువ్వే ఎనభైలో పొమ్మన్నావు కదా అని నొక్కి చూశాను. ఏం చెయ్యను, కాలు దానంతటదే నలభై దగ్గర ఆగిపోతోంది.

నీ చెల్లెలు